సాక్షిని పిలవకముందే

హలో… ఆ, నేనేనమ్మా. నాన్న ఫోన్ నా దగ్గరుంది, అందుకే ఎత్తలేదు ఆయన.

…

అయిపోయింది. ఇంకా కోర్టు వరండాలోనే ఉన్నాం.

…

కాదు, వాయిదా కాదు. ఈసారి నిజంగానే అయిపోయింది.

…

అబ్బ, ఉండు… చెప్పనీ. పొద్దున్నించీ నిలబడి నిలబడి కాళ్ళు పీకేస్తున్నాయి. నువ్వు కూడా కేకలేస్తే నా వల్ల కాదు.

…

కొట్టేయలేదమ్మా కేసు. నాన్న ఒప్పేసుకున్నాడు.

…

అమ్మా? … ఉన్నావా?

…

అదే. "ఆ బైకు కుర్రాణ్ణి చెంపమీద కొట్టాను" అని జడ్జిగారి ముందే చెప్పేశాడు.

…

లాయరమ్మ ఏం చేస్తుంది? చొక్కా పట్టుకుని లాగింది. ఈయన వింటేగా!

…

జైలా? లేదు లేదు… లేదంటున్నానుగా! చిన్న కేసేనని ఆవిడ మొదట్నించీ చెప్తూనే ఉంది కదా. ఏడాదిపాటు ఏ గొడవకీ పోనని బాండు మీద సంతకం పెట్టించుకుని వదిలేశారు. అంతే.

…

వ్యానా…

పోయినట్టేనమ్మా. కేసు కొట్టేస్తేనే మళ్ళీ డ్రైవరుగా రమ్మన్నారుగా స్కూలువాళ్ళు. ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే లెక్కట.

…

తెలుసు. నాకూ తెలుసు. మరి ఇన్నాళ్ళూ తిరిగింది దేనికి? ఓసారి జడ్జిగారు సెలవు, ఓసారి ఆ కుర్రాడు రాలేదు, ఇంకోసారి కాయితాలు అందలేదు… "కొట్టలేదు" అన్న ఒక్క మాట మీద ఉంటే చాలన్నారు. ఉన్నాడు కూడా, ఇవాళ్టిదాకా.

…

ఏమైందంటే… లీడరు వచ్చింది.

…

అదేనమ్మా, వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని అందరూ ఎక్కారో లేదో చూసే పిల్ల. నాన్న పెట్టిన పేరే. ఇవాళ మన తరఫు సాక్ష్యం దానిదేగా. యూనిఫాంలోనే తీసుకొచ్చింది వాళ్ళమ్మ. ఇదిగో, ఈ బెంచీ చివరే కూర్చుంది. కాళ్ళు నేలకి కూడా అందలేదు.

నాన్నని చూడగానే పరిగెత్తుకొచ్చి చెవిలో చెప్పింది. "తాతా, నువ్వు కొట్టలేదనే చెప్తాలే. వాడే పడ్డాడని చెప్తా. మొత్తం బట్టీ పట్టేశా" అని.

…

వినపడింది. పక్కనే ఉన్నానుగా.

…

నేనేం అనట్లేదమ్మా నిన్ను.

…

ఆ… నువ్వు వాళ్ళమ్మతో మాట్లాడి పిల్లకి అలా నేర్పించావని ఆయనకి అప్పుడే తెలిసింది. … లేదు, కోప్పడలేదు. పిల్ల తల నిమిరి "నీళ్ళు తాగావా?" అన్నాడంతే.

తీరా లోపలికెళ్ళాక, సాక్షిని పిలవమన్నారు జడ్జిగారు. నాన్న చెయ్యెత్తాడు… క్లాసులో పిల్లాడిలాగా. "అయ్యా, ఆ పిల్లని పిలవకండి. నేనే కొట్టాను" అన్నాడు.

…

లేదమ్మా, జడ్జిగారు కూడా ఓ పట్టాన ఒప్పుకోలేదు. మొదట కాదన్నావు, ఇప్పుడు ఔనంటున్నావు, ఎవరైనా బెదిరించారా అని అడిగారు. ఒప్పుకుంటే ఇక సాక్షులుండరు, విచారణుండదు, నేరుగా శిక్షే, తెలుసా అన్నారు. లాయరుతో మాట్లాడుకుని రమ్మని బయటికి పంపారు కూడా.

…

బతిమాలాను! చేతులు పట్టుకుని మరీ బతిమాలాను. పిల్లలు దిగుతుంటే వాళ్ళ మీదికి బైకు తెచ్చింది వాడు, నువ్వెందుకు మోయాలి అన్నాను. "వాడి తప్పు వాడిది. దానిచేత అబద్ధం చెప్పించి, మళ్ళీ దాన్నే ఎక్కించుకుని వ్యాన్ నడపమంటావా?" అన్నాడు.

నువ్వైతే ఏం చెప్పేదానివి?

…

ఊఁ.

…

చెప్పాడు, బైకు సంగతీ చెప్పాడు. జడ్జిగారు మొత్తం విన్నారు. పాత గొడవలేవీ లేవు, వయసూ పెద్దదే అని బాండుతో సరిపెట్టారు. ఆ కుర్రాడైతే తలెత్తలేదు.

…

లీడరా? వెళ్ళిపోయింది. బోనెక్కే పని లేదనగానే దాని మొహం ఎంత తేలికపడిందో చూడాలి… పోతూ పోతూ అడిగింది, "రేపు నువ్వే వస్తావా తాతా?" అని.

…

వేరే డ్రైవరు మామయ్య వస్తాడని చెప్పాడు. అందరూ రోడ్డు దాటాకే వ్యాన్ కదిలించమని ఆయనకి నువ్వే చెప్పాలి అన్నాడు. అది తలూపింది. ఈయన అటు తిరిగిపోయాడు.

…

అమ్మా… ఏడవకు. నువ్వు చేసిందీ ఇంటి కోసమే కదా. ఆయనకి తెలీదా ఏంటి?

…

ఇప్పుడా? … తిట్టవుగా? … మరేం మాట్లాడతావు?

…

సరే. ఇస్తా, ఉండు. నాన్నా… నాన్నా, అమ్మ—

…

అమ్మా. మెల్లిగా మాట్లాడు.

నిద్రపోయాడు.

…

కూర్చునే. గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని. చుట్టూ ఇంత గోల… పోలీసులు, లాయర్లు, పేర్లు పిలిచే కేకలు… ఏమీ వినపడట్లేదు ఆయనకి. ఆఁ, ఉండు, తల జారిపోతోంది… నా భుజం మీద పెట్టుకున్నా.

…

అవును. కేసైన దగ్గర్నించీ ఇట్లా నిద్రపోగా చూళ్ళేదు మనం.

…

లేపమంటావా?

…

వద్దులే. నేనూ అదే అనుకున్నా. కదలకుండా కూర్చుంటా. నువ్వు అన్నం తినేసెయ్, మా కోసం చూడకు… పెట్టేస్తున్నా.