పాముచెవుల డాక్టరమ్మ గారికి ఆలస్యంగా ఇస్తున్న సాక్ష్యం

ముప్పై ఒక్క సంవత్సరాల క్రితం, జూలై మూడవ తేదీన మా పశువైద్యశాలలో బాధ్యతలు స్వీకరించిన డాక్టరమ్మ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. విభాగాధిపతిని కనుక అభినందన వ్యాసం నన్ను రాయమన్నారు. ఆ అర్హత నాకున్నదో లేదో పాఠకులే నిర్ణయించగలరు.

తొలినాళ్లలో మా వద్ద గుండె స్కానింగ్ యంత్రం లేదు. వారు కుక్క ఎడమ పక్కటెముకలపై స్టెతస్కోపు ఆనించి, కళ్లు మూసుకుని వినేవారు. కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారే సవ్వడిని మా అందరికన్నా ముందే పసిగట్టేవారు. అందుకే వారికి ‘పాముచెవుల డాక్టరమ్మ’ అని పేరు. ఉత్త దగ్గేనని అందరూ వదిలేసిన ఎన్నో మూగప్రాణుల ఊపిరితిత్తుల్లో చేరిన నీటిని మందులతో తగ్గించి, వాటి ఆయుష్షు పెంచారు.

నిద్రపోయే కుక్క ఊపిరి లెక్కపెట్టి, నిమిషానికి ముప్పై దాటితే వెంటనే తీసుకురమ్మని యజమానులకు నేర్పేవారు. ఒకసారి ఒక దర్జీ వచ్చి, “కుక్కది ఇరవై రెండు, మా ఆవిడది పద్దెనిమిది డాక్టరమ్మా. గురక మాత్రం ఆవిడదే ఎక్కువ. మందు ఎవరికేయమంటారు?” అన్నాడు. డాక్టరమ్మ గారు అంతగా నవ్వగా నేను మరెన్నడూ చూడలేదు.

పదకొండేళ్ల క్రితం, మా పై అధికారి గారి కుక్కకు మత్తిచ్చి పళ్లు శుభ్రం చేయవలసి వచ్చింది. డాక్టరమ్మ గారు పరీక్షించి, “గుండెలో తేడా ఉందండీ. స్కాన్ తీయకుండా మత్తివ్వొద్దు” అని చెప్పి, అదే మాట కాగితంపై రాసి సంతకం చేశారు. అధికారి తొందరపెట్టారు. “ఏం కాదులెండి, నేను చూసుకుంటా” అని మత్తు ఇచ్చినవాణ్ణి నేను. కుక్క బల్లమీదే ప్రాణం విడిచింది. ఆ సాయంత్రమే ఆ కాగితాన్ని ఫైలు నుంచి తీసి చించివేశాను.

విచారణలో వారు, “రాసిచ్చాను సార్” అన్నారు. “ఏదీ ఆ కాగితం?” అని విచారణాధికారి అడిగారు. డాక్టరమ్మ గారు నా వైపు చూశారు. నేను తలదించుకున్నాను. గుండె జబ్బును గుర్తించలేదన్న నిందతో వారిని టీకాల గదికి పంపారు; వారికి రావలసిన కుర్చీలో నేను కూర్చున్నాను. పదకొండేళ్లు వారు టీకాలే వేశారు.

ఈ వ్యాసాన్ని అచ్చుకు ముందు వారికి చూపించాను. చివరిదాకా చదివారు.

“ఆ రోజు ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది కదండీ.”

“మీరు వద్దంటే తీసేస్తాను.”

“తీసెయ్యకండి. మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. ‘అమ్మా, ఆ కుక్కను నువ్వే చంపావా?’ అని అడిగింది. ఏం చెప్పినా నమ్మలేదు. ఇది తనకి చూపించాలి.”

క్షమించమని నేను అడగలేదు. క్షమించానని వారూ అనలేదు. ఇకనైనా వారు సంపూర్ణారోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలని, కన్నకూతురు నమ్మకాన్ని తిరిగి పొంది ఆమె చెంతనే ఆ ఏళ్లన్నీ గడపాలని, కోరే హక్కు లేకున్నా కోరుకుంటున్నాను.