గాలి తీస్తానన్న మాట

నా అసలు పేరు మీ స్టేషను రైటరు పైన రాసుకున్నారు. రేవులో మాత్రం పెద్దల్లుడు అంటేనే తెలుస్తుంది. వయసు నలభై మూడు. మా మామగారి డైవింగ్ షాపులో సామాను బాగుచేసే పని. ఇల్లరికం వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఎడమ చెవి వినిపించదు. చనిపోయిన మనిషి నా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త. అతన్ని చిన్నల్లుడు అంటారు. అతనిదీ ఇల్లరికమే. షాపుకి వచ్చినవాళ్ళకి సిలిండరు కట్టుకుని నీళ్ళలోకి దిగడం నేర్పేవాడు.

నేను అతన్ని చంపలేదు. గాలి తీస్తానన్నాను. ఆ మాట అన్నది నిజం. గాలి తీయడమంటే నలుగురిలో పరువు తీయడమని చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీరు మాత్రం ఆ మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి పెట్టుకున్నారు.

మొదటి నుంచీ చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. నీళ్ళలో దిగేవాడి వీపు మీద ఒక స్టీలు రేకు ఉంటుంది. ఆ రేకుకీ సిలిండరుకీ మధ్య గాలి నింపుకునే సంచి ఉంటుంది. దాన్ని మేము రెక్క అంటాం. గాలి నింపితే తేలుస్తుంది, వదిలితే దించుతుంది. ఒక్క సిలిండరు కట్టేవాడికి సన్నటి రెక్క చాలు. వెడల్పు రెక్క రెండు సిలిండర్లు కట్టేవాళ్ళకి. దాన్ని ఒక్క సిలిండరుకి తగిలిస్తే పక్కలు రెండూ పైకి లేచి సిలిండరుని కప్పేస్తాయి. మడతల్లో గాలి ఇరుక్కుంటుంది. వదులుదామన్నా పోదు.

పోయిన నెల అతను కొత్త రెక్క తీసుకుంటానన్నాడు. షాపులో బల్ల మీద రెండు రకాలూ పరిచి, సన్నటిది తీసుకోమన్నాను. మామగారు, నా భార్య, మరదలు, నేర్చుకోవడానికి వచ్చిన నలుగురు, అందరూ అక్కడే ఉన్నారు. అతను వెడల్పుది ఎత్తి భుజాన వేసుకుని, "అన్నయ్యా, నువ్వు తొట్టి దాటి నీళ్ళు చూసి ఎన్నాళ్ళయింది? ఒడ్డున కూర్చుని ఈత పాఠాలు చెప్పకు" అన్నాడు. మామగారు పగలబడి నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, అయినా చూశాను. నా చెవి పోయిందే మామగారి లంగరు వల్ల. రాళ్ళలో ఇరుక్కుంటే తీయడానికి నన్నే దింపారు, లోతులో నీటి ఒత్తిడికి చెవి పగిలింది. ఆ సంగతి అక్కడ ఒక్కరికీ గుర్తు రాలేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. ఆ ఇంట్లో ఇద్దరు అల్లుళ్ళున్నా శని మాత్రం నా నోట్లోనే ఉండేది.

వారం తిరక్కుండా ఆ రెక్కే పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఎవరూ లేని సమయం చూసుకుని వచ్చాడు. ఈతకొలనులో శిష్యుల ముందు గాలి వదల్లేక తల కిందికీ పిర్రలు పైకీ పెట్టి తేలాడట. "అన్నయ్యా, దీన్ని కాస్త సన్నబడేలా చేసిపెట్టు. మామయ్యకి చెప్పకు" అన్నాడు. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అన్నాను. తల గోక్కున్నాడు. ఇంకో పని కూడా అడిగాడు. నీళ్ళలో దిగడానికి నడుముకి సీసం దిమ్మల బెల్టు కట్టుకుంటారు. బరువు వదిలించుకోవాలంటే దాని బకిలు లాగితే చాలు. అది నడుము ఒరుసుకుపోతోందనీ, దిమ్మల్ని సిలిండరు పట్టీకి ఎక్కించమనీ అడిగాడు. రాయిలా చటుక్కున దిగడం శిష్యులకి చూపించాలని మామూలు కంటే ఎక్కువ సీసమే మోసేవాడు. అన్నీ ఎక్కించాను.

తర్వాత రెక్క. పక్కలు రెండూ లోపలికి మడిచి, చుట్టూ ఎలాస్టిక్ తాడు అల్లాను. అది సరైన పనే. అక్కడ ఆపి ఉంటే మీరు నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టేవారు కాదు. దాని మీద నైలాన్ తాడు వేసి బిగించాను. అదీ చాలదనిపించి మోకాలు ఆనించి మళ్ళీ బిగించాను. షాపు తొట్టిలో ముంచి గాలి కొడితే సగం నిండగానే సేఫ్టీ వాల్వు తెరుచుకుంది. మిగతా గాలి బుస్సుమని పోయింది. మనిషిని మోయడానికి ఆ గాలి చాలదని తెలుసా అని అడిగారు. తెలుసు. చాలకూడదనే కదా అంతసేపు కూర్చుని బిగించింది.

నేననుకున్నది ఇది. పైకి రాగానే గడ్డం దాకా మునుగుతాడు. తేలాలంటే సీసం వదులుకోవాలి. శిష్యుల్లో ఎవరైనా భయపడి సీసం వదిలేస్తే అందరి ముందూ చెవి మెలేసి, "నువ్వు సముద్రానికి కాదు, స్నానాల గదికి పనికొస్తావు" అనేవాడు. వాడే వదిలేస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను.

గురువారం ఉదయం తొమ్మిదింటికి పడవ బయల్దేరింది. చక్రం దగ్గర మామగారు ఉన్నారు. నా భార్య, మరదలు, నేను పడవలోనే ఉన్నాం. నలుగురు శిష్యులూ వాడితో దిగారు. దిగేముందు వాడు రెక్క తడిమి చూసుకుని, "భలే కుదిరింది అన్నయ్యా, చెయ్యంటే నీదే" అన్నాడు.

వాళ్ళు దిగాక మిగిలినవాళ్ళకి చెప్పాను. "ఇవాళ మనవాడి గాలి తీస్తా. పైకొచ్చాక చేతులు ఊపుతాడు, అరుస్తాడు. ఎవరూ కంగారు పడకండి. తాడు వెయ్యకండి. సీసం వదిలేదాకా చూద్దాం" అన్నాను. "నువ్వు మామూలోడివి కాదయ్యా అల్లుడూ" అన్నారు మామగారు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. మరదలు ఫోను తీసి పట్టుకుంది. "మా ఆయన మొహం చూడాలి బావా!" అంది.

పది దాటాక శిష్యులు ఒక్కొక్కరే పైకి వచ్చారు. చివరగా వచ్చిన అమ్మాయికి అడుగున గాలి అయిపోతే, వాడు తన సిలిండరులోంచే పీల్చుకోనిచ్చి తీసుకొచ్చాడు. ఆమెని ముందు నిచ్చెన ఎక్కించాడు. ఈలోగా కెరటం వాడిని వెనక్కి లాక్కుపోయింది. వాడి సిలిండరు కూడా అప్పటికి ఖాళీ. ఖాళీ అయితే బొత్తాం నొక్కినా రెక్కలోకి గాలి రాదు, నోటితో ఊదుకోవాలి. నేను బిగించిన బిగువుకి ఎదురు ఊదాలి.

పడవకి పది బారల దూరంలో తల కనిపించింది. గడ్డం మునిగింది. రెండు చేతులూ ఊపాడు. మేమంతా నవ్వాం. "అన్నయ్యా! సీసం!" అని అరిచాడు. "వదిలెయ్ తమ్ముడూ, సిగ్గెందుకు!" అన్నాను. ఆ మాటకి మామగారు చక్రం మీద చరిచి మరీ నవ్వారు. మరదలు, "ఏవండీ, ఇటు చూసి ఊపండి" అంది. గాలి పంచుకున్న అమ్మాయి మాత్రం, "ఆయన నిజంగానే మునిగిపోతున్నారు" అంటూ తాడు అందుకుంది. "వాడి నాటకాలు నాకు తెలుసు, కూర్చోమ్మా" అని ఆ తాడు తీసుకున్నాను. మర్యాదగానే తీసుకున్నాను.

"వెనక! అన్నయ్యా, వెనక!" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. తల మునిగాక కూడా నవ్వాను.

సీసం వీపు వెనక ఉన్న సంగతి గుర్తు లేదా అని మీరు మూడుసార్లు అడిగారు. రెండుసార్లు లేదన్నాను. వాడి చెయ్యి అక్కడికి అందదు కదా, ఇక వదిలేదేమిటి, నీ ఆటే అబద్ధం కదా అన్నారు. ఆ దిమ్మలు ఎక్కించింది ఈ చేతులే. వాడు వెనక అనగానే గుర్తొచ్చింది. గుర్తొచ్చేసరికి నోరు తెరుచుకుని ఉంది. నవ్వే నోరు చటుక్కున మూతపడదు సార్.

శిష్యుల్లో ఇద్దరు దూకి తీసుకొచ్చారు. పడవలో పడుకోబెట్టి నా కత్తితోనే తాళ్ళు కోశారు. తాళ్ళు తెగగానే రెక్క మామూలుగా విచ్చుకుంది. ఆస్పత్రిలో ప్రాణం లేదన్నారు. మరదలు ఏడవలేదు. నా కుడి వైపుకి వచ్చి నిలబడి, "తీశావుగా బావా గాలి" అంది. అది కూడా రాసుకోండి.

కానీ నవ్వింది నేనొక్కడినే కాదు. మామగారు తాను నవ్వలేదని మీతో చెప్పారట, అబద్ధం. ఈ కాగితం చదివి వినిపించినప్పుడు, "తల మునిగాక కూడా నవ్వాను" అన్నచోట "నవ్వాము" అని దిద్దమన్నాను. మీరు మరదలి ఫోను తెచ్చి వీడియో నా కుడి చెవి దగ్గర పెట్టారు. మొదట అందరి నవ్వూ ఉంది. "వెనక" అన్న అరుపు తర్వాత మామగారి నవ్వు ఆగింది. నా భార్య నవ్వు ఆగింది. మరదలు "ఏవండీ" అంది, ఫోను కిందపడింది, ఆకాశం కనిపించింది. ఒక గొంతు నవ్వుతూనే ఉంది. ఎవరిదని అడిగారు. ఇంకోసారి పెట్టమన్నాను. మళ్ళీ పెట్టారు.

దిద్దనక్కర్లేదు. "నవ్వాను" అనే ఉంచండి.

పైన ఉన్నదంతా నా నోటి నుంచి వచ్చిందే, ఎవరో అనిపించింది కాదు. నాకు వినిపించే చెవి వైపు నిలబడి చదివారు, విన్నాను, నిజమని ఒప్పుకున్నాను. రెక్కకి తాడు బిగించినప్పుడు కుడి అరచెయ్యి తెగింది, ఇంకా కట్టు ఉంది, కలం పట్టలేను. అందుకని ముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)