నలభై ఎనిమిది గంటలు

అమెరికాలో డేటన్ ఊళ్లో ఒక లాయరు గది. ఫ్లూ టీకా తర్వాత కుడిచెయ్యి పైకి లేవని స్కూలు బస్సు డ్రైవరు, కుర్చీలో నిలవలేక లేచి అటూ ఇటూ తిరుగుతోంది.

"కూర్చోండమ్మా. టీకా వేసిన నలభై ఎనిమిది గంటల్లోపే నొప్పి మొదలైందని చూపిస్తేనే ప్రభుత్వ పరిహారం."

"ఆ సాయంత్రమే మొదలైందండీ!"

"అయిదో రోజున దగ్గుకని వెళ్లారు. డాక్టరు 'భుజాలు మామూలే' అని రాశాడు."

"ఆయన నా భుజం ముట్టుకుంటేగా! ఎలా ఉన్నావంటే బాగున్నానన్నాను. ఎవరడిగినా నేనంతే. మా ఆయనక్కూడా చెప్పలేదు."

"ఒక్కరైనా చూడలేదా? టీకా మర్నాడే కదా థాంక్స్‌గివింగ్ పండగ?"

"మా అత్తగారు లొరెట్టా చూసింది. విందులో టర్కీ కోడి పళ్లెం ఎత్తలేకపోయాను. 'గిన్నెలు తోమాల్సొస్తుందని చెయ్యి నొప్పి నాటకం ఆడుతోంది' అని చుట్టాలందరికీ మెసేజ్ పెట్టింది."

"ఆ రోజేనా? ఇంకా ఉందా అది?"

"ఉంది. ఎన్నిసార్లు చదువుకున్నానో! చెరిపెయ్యడానికి చెయ్యి రాలేదు."

"అదే మన సాక్ష్యం. ఆవిడ చేత ప్రమాణపత్రం కూడా రాయించండి."

"ఆవిడ చేతా? ఇప్పుడైనా నాటకమనే రాస్తుందండీ."

"రాయనివ్వండి. ఆ నాటకం ఏ రోజు మొదలైందో రాస్తే చాలు."