నాలుగింటి లోపు పొగడబ్బా

కారు పందేల మైదానం వెనక రేకుల షెడ్డు. స్టాండ్ల మీద ఎత్తిపెట్టిన కారు కింద తండ్రి. పక్కన, తనిఖీ కాగితం పట్టుకుని కూతురు.

"నాన్నా, ముందు ఆ కారు కిందనుంచి బయటికి రా."

"ఒక్క నిమిషం అమ్మలూ. నట్టు బిగిస్తున్నా."

"నట్టూ వద్దు, గిట్టూ వద్దు. తనిఖీలో తిప్పి పంపేశారు. కారుకి పొగడబ్బా లేదట."

"ఏ డబ్బా?"

"ఏ డబ్బా ఏంటి! కన్వర్టర్. సైలెన్సర్‌కి ముందు పొగని శుభ్రం చేసేది. ఇంజన్ పొగని బయటికి తెచ్చే హెడ్డర్ పైపులు ఏవైనా వేసుకోండి, డబ్బా మాత్రం ఉండాల్సిందే అని నియమం. ఆ జాబితా గోడకి అంటించింది నువ్వే."

"అదా... కొత్త హెడ్డర్లు పొడుగు కదే. ఇంజన్ నుంచి దిగి సరిగ్గా డబ్బా ఉండే చోటికే వచ్చేశాయి. ఇరుకైపోయింది."

"ఇరుకైతే పైపు కోసి డబ్బాని వెనక్కి జరుపుతారు. నాకు పన్నెండేళ్ళప్పుడు నేర్పావు ఆ పని."

"కొలతలు కలవలేదు."

"అతకడానికి వెల్డింగ్ మిషన్ నీ కాలి దగ్గరే ఉంది."

"గ్యాస్ అయిపోయింది."

"మరి పొద్దున పక్క షెడ్డు వాళ్ళ బంపర్ దేంతో అతికించావ్? ఉమ్ముతోనా?"

"అదే... దాంతోనే అయిపోయింది. గ్యాసు. ఉమ్ము కాదు."

"నీళ్ళు నమలకు నాన్నా. పొగని కొలిచే సెన్సర్ పీకి ఆ రంధ్రానికి బిరడా కొట్టావు. పొగని మళ్ళీ ఇంజన్‌లోకి పంపే సన్న పైపు కూడా మూసేశావు. ఆ తనిఖీ పెద్దాయన నవ్వాడు తెలుసా? 'మీ మెకానిక్ కొత్తగా పని నేర్చుకుంటున్నాడా అమ్మా' అన్నాడు. ముప్ఫై ఏళ్ళ అనుభవం అని చెప్పలేక చచ్చాను."

"నవ్వితే నవ్వాడులే. డబ్బా తీస్తే ఇంజన్‌కి బలం వస్తుందని..."

"ఆ బలం ఎవడడిగాడు? నాలుగింటి లోపు అన్నీ బిగించుకుని వస్తే మళ్ళీ చూస్తానన్నాడు. గంటా పది నిమిషాలుంది. డబ్బా ఎక్కడ?"

"పారేశా."

"ఎక్కడ?"

"పాత ఇనుం వాడికిచ్చేశా."

"వాడి నంబరు చెప్పు."

"వాడికి ఫోను లేదు."

"ఫోను లేని పాత ఇనుం వాడు! తుప్పు పట్టిన వాషరు కూడా పారెయ్యని మనిషివి, పొగడబ్బా పారేశావా? ఆ ఇనప బీరువా తాళం ఇలా ఇవ్వు."

"అందులో ఏం లేదు."

"ఏం లేకపోతే ఇవ్వడానికేం? ఇవ్వు నాన్నా! ఇవాళ మొదటి ఐదుగురిలో వస్తే పెద్ద జట్టు వాళ్ళు తీసుకుంటామన్నారు. ఒక్కసారే అడుగుతారు వాళ్ళు. మళ్ళీ అడగరు."

"తెలుసు."

"తెలిసే ఇలా తగలేశావా?"

"తప్పైపోయిందన్నాగా. వచ్చే ఏడు చూద్దాంలే."

"అన్లేదు! తప్పైపోయిందని ఇంతవరకూ అన్లేదు నువ్వు. వచ్చే ఏడంట! ఒక్కసారి నా మొహం చూసి మాట్లాడు. ఒకటి మర్చిపోతే మరపు. జాబితాలో 'తప్పకుండా ఉండాలి' అని రాసిన మూడూ ఏరి ఏరి తీస్తే మరపా? ఎవరికీ కనపడకుండా కూడా కాదు, బానెట్ ఎత్తగానే దొరికిపోయేలా తీశావు. కావాలనే చేశావు కదూ?"

"కావాలనే చేశా."

"దేవుడా! బయటివాళ్ళు చాలరా నా కాళ్ళు లాగడానికి? ఆ కారు ప్రమాదంలో అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది నువ్వొక్కడివే, నువ్వు కూడానా? వద్దని నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే మానేసేదానివా?"

"మానను."

"మరింకేం! నా మాట వినవు. ఆ పెద్దాయన మాట వినక తప్పదు. బ్రేకు పీకితే తెలియక ఎక్కి కూర్చుంటావు. డబ్బా పీకితే నీ ఒంటికేం కాదు, గేటు దగ్గరే ఆపేస్తారు."

"అసలు ఆపడమెందుకు? మంగళవారం ప్రాక్టీసులో కారు గోడకి గీసుకున్నందుకా? బ్రేకు పడలేదని చెప్పానుగా."

"చెప్పావు. నాలుగు చక్రాలూ విప్పి చూశా. రెండు రోజులు అదే పని. గట్టిగా, సుబ్బరంగా ఉన్నాయి బ్రేకులు."

"ఒక్కోసారి అంతే నాన్నా, అప్పుడు పట్టవు, విప్పి చూస్తే బాగుంటాయి. నువ్వే చెప్తుంటావు."

"అందుకే మైదానం వాళ్ళ కెమెరా కూడా చూశా. నువ్వు బ్రేకు తొక్కి, అది పట్టకపోయినా వెనక ఎర్ర లైటు వెలగాలి. వెలగలేదు."

"బల్బు పోయుంటుంది."

"బల్బు కూడా చూశా."

"అన్నీ చూశావన్నమాట."

"బండంతా చూశా తల్లీ. బండిలో ఏం లేదు. నువ్వు కాలే పెట్టలేదు. తల పక్కకి వాలిపోయి ఉంది."

"నాన్నా, టైమైపోతోంది..."

"పోనీ. ఒళ్ళు తెలియకుండా పోవడం అదే మొదటిసారా? చెప్పు అమ్మలూ."

"మూడోసారి నాన్నా. రెండోసారి... పక్క సీట్లో అమ్మ ఉంది."