పైస ఖర్చు లేకుంట భూమేశ్ తిరిగిన దేశాలు

“గొప్పలు చెప్పుకునుడు నాకు అలవాటు లేదు ఎహసాన్ భాయ్. అడిగినవు కాబట్టి చెప్తున్న. లండన్‌ల నాకు తెల్వని గల్లీ లేదు.”

అడిగిన మాట నిజమే. మా కంపెనీలో పాస్‌పోర్టులు, వీసాలు చూసే ఎహసాన్ భాయ్‌ది నిజామాబాద్. ఆ శుక్రవారం మధ్యాహ్నం మేం ఉండే ఘాలా క్యాంపు గేటు పక్కన మలబారీ హోటల్లో మేం చాయ్ తాగుతుంటే పికప్ ఆపి వచ్చి కూర్చున్నాడు. పెద్ద అర్బాబుకు, అంటే మా ఓనరు తండ్రికి, లండన్‌లో మోకాలి ఆపరేషనట. చక్రాల కుర్చీ తోయడానికి నెల రోజులు ఒక మనిషి కావాలి. సాయంత్రం లోపల పేరు రాసి పంపాలి. “మీలో ఎవరన్న ఎన్నడన్న బయట దేశం చూసిన్రా?” అన్నాడు.

మేం చూసిన బయట దేశం ఈ ఒమానే. అందుకని చాయ్ వైపు చూస్తూ కూర్చున్నాం. భూమేశ్ మాత్రం గ్లాసు పక్కన పెట్టాడు. స్కాఫోల్డింగ్ పని చేసే భూమేశ్ మా కంపెనీకి వచ్చి రెండేళ్లయింది. అంతకుముందు షినాస్ దిక్కు వేరే కంపెనీలో ఉండేవాడు. అక్కడ ఏం చేశాడో మాకెవరికీ తెలియదు కాబట్టి, చేయాల్సినవన్నీ అక్కడే చేసేశాడు.

“ఎనభై ఎనిమిదిల మా పాత అర్బాబు సామాన్లు మోయనీకి నన్ను తోలుకపోయిండు. లండన్‌ల దిగంగనే ఏమన్నడు? ‘భూమేశ్, తిండి నాది, పండుడు నాది, తిరుగుడు నీది, పైస మాత్రం ఇయ్య’ అన్నడు. నీ పైసలు ఎవనికి గావాలె అన్న. అరే, ఆ దేశాలల్ల పైసల్తోని పనేంది? మొదటి రోజు ఒక పెద్ద మ్యూజియంకు వోయిన. టికెట్ లేదు ఏం లేదు, తలుపు తీసే ఉన్నది. ఎన్ని వేల ఏండ్ల కిందనో సచ్చిపోయినోళ్లు అద్దాల పెట్టెలల్ల పండుకోని ఉన్నరు. సూసిన, వచ్చిన. గంతే.”

అక్కడితో ఆపి ఉంటే సగం మందిమైనా నమ్మేవాళ్లం.

“ఇగ తెల్లారి కోట కాడికి వోయిన. నెత్తి మీద బొచ్చు టోపీ పెట్టుకోని సిపాయిలు నిలవడ్తరు సూడు, కదలరు, నవ్వరు. వాళ్లను ఎంతసేపన్న ఉత్తగనే సూడొచ్చు. నేను ఒకని ముందట నిలవడ్డ. వాడు నన్ను సూస్తడు, నేను వాన్ని సూస్త. గంటైంది. రెండు గంటలైంది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?”

“నీకు కాళ్లు గుంజినయి,” అన్నాను నేను.

“నర్సింగూ, నడి ఎండకాలం పైపుల మీద నిలవడేటోన్ని, నాకు గుంజుతయా? వానికే గుంజినయి. ‘భాయ్, జర నా టోపీ పెట్టుకో, చాయ్ తాగొస్త’ అన్నడు.”

“ఏ భాషల అన్నడు?”

“హిందీల. రెండు గంటలు నా ఎదురుంగ నిలవడితె ఆ మాత్రం రాదా? నేను టోపీ పెట్టుకోని నిలవడ్డ. పొద్దు గూకెదాక వాడు రాలే. ఫోటోలు దిగినోళ్లే దిగినోళ్లు. ఇయ్యాల్టికి గుడ ఆ ఊర్ల సగం ఇండ్లల్ల గోడకు నా ఫోటోనే ఉంటది.”

మూలకు కూర్చున్న గంగన్న పరోటా ముక్క చాయ్‌లో ముంచుతూ, “మరి అంతసేపు ఉచ్చకు యాడికి వోయినవు?” అన్నాడు. గంగన్న మాలో అందరికంటే పెద్దవాడు. సిమెంటు మోస్తాడు. రోజుకు రెండు మాటల కంటే ఎక్కువ మాట్లాడడు.

“పోలే. ఆపుకున్న.”

“అది కష్టమే,” అని గంగన్న ఇంకో ముక్క ముంచాడు. ఎహసాన్ భాయ్ గంగన్న వైపు ఒకసారి చూసి, ఇంకో చాయ్ చెప్పాడు.

“లండన్ అయిపాయె, అక్కడికెల్లి పారిస్. ఇనుప టవరున్నది గదా, ఎక్కితె పైసలు, కింద నిలవడి సూస్తె ముఫత్. నేను కిందికెల్లి సూసిన. సూస్తె నా పానం ఒప్పలే. నా కన్ను మీదికి వోతె సక్కగ నట్టు మీదనే వడ్తది. ఓ కాలుకు మూడు నట్లు లూజున్నయి! జేబుల పానా ఉండె, తీసిన—”

“ఇమానంల పానా ఎట్ల పట్టుకపోయినవురా?” అని అడ్డం పడ్డాను.

“నేనన్న ఆగిపోత గని నా పానా ఆగదు. నడుమ అడ్డం రాకు. ఒకటి బిగిచ్చిన, దాని మీదిది బిగిచ్చిన, బిగిచ్చుకుంట బిగిచ్చుకుంట సూస్తె టవరు కొనకున్న! టికెట్ అడిగేటోడు కిందనే ఉండె. పైకెల్లి సూస్తె మన మత్రా కొండలు కనవడ్డయి, ఘాలా కనవడ్డది, దండెం మీద నీ లుంగీ ఆరుతుండె.”

“నేనొచ్చిందే తొంభైల కదరా!”

“అందుకే, ఎవనిదో అనుకున్న.”

ఇక భూమేశ్‌ను ఆపేవాడు లేడు. రోములో తొవ్వపొంటి నల్లాలుంటాయట, వాటికి బందు చేసుడే లేదట, రాత్రింబగళ్లు చల్లటి నీళ్లు ఉత్తగనే కారుతాయట. మా క్యాంపుకు రెండు రోజుల నుంచి నీళ్ల ట్యాంకరు రాలేదు. ఆ నల్లాల గురించి మాత్రం ఎవరం ఎదురు ప్రశ్న వేయలేదు.

“ఆఖరికి ఇంకో ఊరు. ఆడ ఒక తెల్ల బురుజు పక్కకు ఒరిగి ఉంటది. కిందికెల్లి సూస్తె పైస లేదు. అందరు దూరం నిలవడి, చేతులు సాపి, పట్టుకున్నట్టు ఫోటో దిగుతున్నరు. నాకు నవ్వొచ్చింది. పట్టుకున్నట్టు ఎందుకు, పట్టుకుంటె ఐపాయె గదా! దారంగుండు ఏసి సూసిన, పదమూడు ఫీట్లు తేడ. భుజం పెట్టిన. ‘ఎములాడ రాజన్నా’ అని మొక్కిన, ఒక్క తోపుడు తోసిన. కిర్రుమన్నది. నిలువుగైంది! మల్ల గుండు ఏస్తె ఎంట్రుక వాసి తేడ లేదు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?”

“చెప్పురా!” అన్నాం అందరం.

“ఊరు ఊరంత ఉరికొచ్చి కాళ్ల మీద వడ్డరు. ‘భూమేశ్ సాబ్, సక్కగుంటె ఎవడొస్తడు సూడనీకి? మా నోట్ల మన్ను కొట్టకు’ అని ఒకటే ఏడుపు. నాకు జాలైంది. అవుతలి పక్కకు వోయి, ఎంత ఒరిగి ఉండెనో మల్ల గంతే ఒరగతోసిన. రెండించులు ఎక్కువే ఒరిగింది కావచ్చు. అదొక్కటి నా తప్పు.”

బల్లలు చరిచి నవ్వాం. ఒక్క ముక్క అర్థం కాని హోటలు మలబారీ కూడా నవ్వాడు. భూమేశ్ చెమట తుడుచుకుని ఎహసాన్ భాయ్ ముందుకు జరిగాడు. “బురుజే తోసినోన్ని, సక్రాల కుర్సి నాకెంత? పెద్ద అర్బాబుకు అన్ని ఊర్లు సూపిస్త, పైస ఖర్చు రానియ్య. రాయి భాయ్, భూమేశ్, తండ్రి పేరు లచ్చన్న.”

ఎహసాన్ భాయ్ జేబులోంచి కలం తీశాడు. తీసి, గంగన్న వైపు తిరిగాడు.

“గంగన్నా, రువి బజారుకు తొవ్వ ఎరుకేనా?”

“ఎరుకలేదు. బస్సెక్కిస్తె వోత, దించితె దిగుత.”

“మరి సుట్టి రోజు ఏం చేస్తవు?”

“కూసుంట.”

“బస్, సాలు,” అని ఎహసాన్ భాయ్ కాగితం మీద గంగన్న పేరు రాశాడు.

భూమేశ్ దిగ్గున లేచాడు. “ఇదేం ఇన్సాఫ్ భాయ్? అన్ని తొవ్వలు తెలిసినోన్ని ముందట పెట్టుకోని...”

“తొవ్వ తెలిసినోడే వద్దు. పోయినసారి తీస్కపోయినోడు ముసలాయనను దవఖాన వరండల వదిలిపెట్టి పావురాలు చూడ వోయిండు. ఐదు గంటలకు వాపస్ వచ్చిండు. అందుకే పెద్ద అర్బాబు ఒక్కటే మాట చెప్పిండు, ఏం చూడనోన్ని తే, నా పక్కన కూసునేటోన్ని తే అని.”

భూమేశ్ వంగి ఎహసాన్ భాయ్ చెయ్యి పట్టుకున్నాడు.

“భాయ్, మా అవ్వ మీద ఒట్టు, నేను ఏడికీ పోలే. పాత రూముల ఒక క్యాలెండర్ ఉండె, నెలకో ఊరు బొమ్మ. ఏండ్లకేండ్లు అవే సూసుకుంట పండుకున్న. షినాస్‌కెల్లి ఘాలాకొచ్చిన, గంతే నా తిరుగుడు. ఒక్కసారి సూడాలె భాయ్, దూరంకెల్లి సూసినా సాలు. నమ్మకపోతె నా పాస్‌పోర్ట్ తీసి సూడు.”

భూమేశ్ నోట నిజం వినడం మాకు అదే మొదటిసారి. నాకైతే నిజంగానే బాధేసింది.

“తీసి చూసుడెందుకు? నా అల్మారలనే ఉన్నది,” అన్నాడు ఎహసాన్ భాయ్ కాగితం మడుస్తూ. “బొంబాయిల ఎక్కిన మొహరు, సీబ్‌ల దిగిన మొహరు, మూడోది లేదు. అందుకే నీ పేరు రాద్దామనే వచ్చిన నేను.”

“మరి రాయి భాయ్!”

“ఎట్ల రాయాలె భూమేశ్? ఘాలాల కూసోనే గిన్ని దేశాలు తిరిగినోడివి, ఆడ దిగినంక కూసుంటవా?”