కిటికీ మేకు

తెల్లవారుజామున దంచి కొట్టిన వాన పొద్దెక్కేసరికి ఏమీ ఎరగనట్టు తెరిపిచ్చింది. వడ్రంగి షెడ్డు చూరు నుంచి మాత్రం నీళ్ళు ఇంకా చుక్కచుక్కగా రాలుతున్నాయి. పనివాళ్ళు దుంగలు తేవడానికి కోత మిల్లుకి పోయారు. షెడ్డులో ముగ్గురే మిగిలారు: గదిలో మేస్త్రి, ఆ చివర నగిషీ చెక్కే మనిషి, మధ్యలో ఎటూ పాలుపోక తిరుగుతున్న మేస్త్రి బావమరిది. పాలిష్ పని అతనిది. గదిలోకి తొంగిచూసి జారుకోబోతూ దొరికిపోయాడు.

"ఏరా, దొంగలా తొంగిచూసి పోతావేంటి? లోపలికి రా."

"ఏం లేదు బావా. ఉత్తినే."

"ఉత్తినే నువ్వు నా గది దాకా ఎప్పుడొచ్చావు గనక? సరే గానీ, ఆ నగిషీ ఏం చేస్తున్నాడు?"

"ఉలులు తుడుచుకుంటున్నాడు."

"తుడిచి?"

"గుడ్డలో పెడుతున్నాడు."

"పెట్టి?"

"మూట కడుతున్నాడు. ఇప్పుడు నువ్వు 'కట్టి?' అంటావు, నేను 'ఇంటికి పట్టుకుపోతున్నాడు' అనాలి. ఆ మాట నా నోటితో ఎందుకనిపిస్తావు బావా? వెళ్ళి అతన్నే అడుగు."

"అయితే నిజమేనన్నమాట. రేపట్నుంచి వంతెన అవతలి షెడ్డుకి పోతున్నాడట. రంపాలకి పదును పెట్టేవాడొచ్చి చెప్పాడు. నా షెడ్డు సంగతి నాకు వాడు చెప్పాలి."

"వాడికి రంపం కన్నా నోరే పదును."

"మాట మార్చకు. నీకు ముందే తెలుసా?"

"తెలుసంటే... తెలుసు. కానీ..."

"తెలిసీ నాకు చెప్పలేదు. నువ్వు మీ అక్కకి తమ్ముడివా, ఆ నగిషీకి తమ్ముడివా?"

"చెప్పాలనే ఉంది బావా. వీలు చిక్కలేదు."

"పక్కింట్లో ఉంటావు. పొద్దున నా పేపరు నాకంటే ముందు చదువుతావు. నీకు వీలు చిక్కలేదు."

"ఆ వీలు వేరు, ఈ వీలు వేరు."

"సర్లే. జీతం ఎక్కువిస్తామన్నారా వాళ్ళు?"

"అబ్బే. ఇంతే ఇస్తారు. పైగా నడక ఎక్కువ."

"మరేంటి వాడికొచ్చిన కష్టం? నేనేమన్నా అన్నానా?"

"అనలేదు. అదే కష్టం."

"తిన్నగా చెప్పరా."

"మొన్న మంచం పలక చెక్కాడు కదా, తీగెలు తిరిగినది. నువ్వొచ్చి దాని మీద చెయ్యి అలా పోనిచ్చి, ఒకచోట ఆగి, అటు తిరిగి వెళ్ళిపోయావట. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. ఇన్నేళ్ళలో నువ్వు అలా పోవడం అదే మొదలట. ఆ రాత్రి మనిషికి కంటి మీద కునుకు లేదు."

"అడగొచ్చుగా. 'ఎలా ఉంది మేస్త్రీ' అని ఒక్క మాట అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"అడుగుదామనే పాపం రోజూ చూస్తున్నాడు."

"ఏం చూస్తున్నాడు?"

"ఏం లేదు."

"ఏం చూస్తున్నాడురా?"

"అక్క ఫోన్ చేసినట్టుంది, నేను..."

"నీ ఫోను అదుగో, ఆ వార్నిష్ డబ్బా మీదుంది. మోగలేదు. కూర్చో."

"ఆ కుర్చీ పాలిష్ తడారలేదు బావా."

"అయితే నిలబడే చెప్పు."

"నవ్వకూడదు."

"నవ్వను."

"కోప్పడకూడదు."

"ఆ హామీ ఇవ్వలేను."

"నీ సంచి చూస్తున్నాడు."

"నా సంచా? అందులో ఏముందిరా? కళ్ళజోడు, అన్నం క్యారియరు."

"లోపలేముందని కాదు. ఎక్కడుందని. నీ గదిలో రెండు మేకులు కదా. తలుపు పక్కన ఒకటి, లోపల కిటికీ చట్రానికి ఒకటి. తలుపు మేకు ఆ చివరి నుంచి కూడా కనిపిస్తుంది. సంచి దానికి వేలాడుతుంటే ఆ రోజు మేస్త్రి మనసు బాగోలేదని లెక్క. ఆ ఛాయలకే పోకూడదు. సెలవడగకూడదు. పాడైన చెక్క చూపించకూడదు. అక్కడ కనపడకపోతే కిటికీ మేకుకి తగిలించాడని లెక్క. అంటే మనసు బాగుందని. అందరం లోపలికి రావొచ్చు."

"ఎవడు కనిపెట్టాడీ లెక్క?"

"ఎవరో ఒకరు."

"ఎవడురా?"

"నేనే. కొత్తలో ఒకరోజు తార్పిను డబ్బా ఒలకబోశానని చెప్పడానికొచ్చి నీ చేత చచ్చేట్టు తిట్లు తిన్నాను. వెనక్కి తిరిగితే మొహానికి తగిలింది నీ సంచి, తలుపు మేకునుంచి. ఇంకోరోజు కిటికీ మేకుకుంది. కుర్చీ కాలు విరగ్గొట్టానని చెప్తే 'పోనీలేరా' అని మంచినీళ్ళిచ్చావు. అప్పట్నుంచి చూస్తూ వచ్చాను. ఒక్కసారీ తప్పలేదు."

"షెడ్డులో అందరికీ తెలుసా?"

"కొత్తవాడు చేరితే ముందు రంపం పట్టడం నేర్పిస్తాం. తర్వాత ఇది."

"ఓరి మీ..."

"అక్కకి కూడా తెలుసు."

"దానికెందుకురా?"

"మధ్యాహ్నం ఫోన్ చేసి 'సంచి ఎక్కడుందిరా' అని అడుగుతుంది. సాయంత్రం నీ ముందు ఏ మాట ఎత్తాలో, ఏది దాచుకోవాలో చూసుకోవాలి కదా ఆవిడ కూడా."

"అయితే ఆ ఇనప బీరువా..."

"కిటికీ మేకు రోజే ఆ మాట ఎత్తింది. లేకపోతే వడ్రంగి ఇంట్లోకి ఇనప బీరువా ఎలా వస్తుంది బావా? నువ్వు కిక్కురుమనకుండా సరేనన్నావట. పక్కన కూర్చుని రంగు కూడా ఎంచావట."

"..."

"నవ్వనన్నావు. మరీ ఇంత నవ్వకుండా ఉండమని నేననలేదు."

"ఏ మేకుకుంటే మంచి రోజన్నావు?"

"కిటికీ మేకుకి."

"కిటికీ మేకుకా?"

"ఆ."

"సరిగ్గా చూసుకునే చెప్తున్నావా?"

"ఏళ్ళ తరబడి చూశాను బావా. నా పాలిష్ తప్పుతుందేమో గానీ ఇది తప్పదు."

"ఊఁ. మరి ఈ నెల రోజులూ నా సంచి ఎక్కడుంది?"

"ఎక్కడేంటి, తలుపు మేకుకే. ఒక్కరోజు కదిలితే ఒట్టు. అందుకే షెడ్డంతా ఊపిరి బిగబట్టుకుని తిరుగుతోంది. గమ్ము కలిపేవాడు పంటి నొప్పితోనే పనికొస్తున్నాడు, సెలవడగడానికి భయపడి. నగిషీ అయితే పొద్దున రాగానే ముందు మేకు చూస్తాడు, తర్వాతే చొక్కా విప్పుతాడు. చూసి చూసి, ఇది నా మీద కోపమే, ఆ పలక నచ్చకే అని తేల్చుకున్నాడు."

"ఆ కిటికీ వైపు తిరుగు."

"తిరిగాను."

"ఎలా ఉంది?"

"అద్దంలా ఉంది. పాతది చెదపట్టిందని తీసేసి కొత్త చట్రం పెట్టాం కదా పోయిన నెలలో. పాలిష్ నేనే కొట్టాను. నేను చెప్పుకోకూడదు గానీ, మొహం చూసుకుని దువ్వుకోవచ్చు."

"దువ్వుకోవచ్చు. సంచి తగిలించుకోవచ్చా?"

"ఎందుకు తగిలించు... అయ్యో."

"మేకేదిరా?"

"మేకు... కొట్టలేదు."

"ఎందుకని?"

"అంత పాలిష్ మీద మేకు దిగ్గొట్టడానికి చేతులు రాలేదు బావా."

"మేకు లేదని నీకు తెలుసు."

"తెలుసు."

"సంచి రోజూ తలుపు మేకుకే ఉంటోందనీ తెలుసు."

"అదీ తెలుసు."

"మరి?"

"రెండూ తెలుసు గానీ, రెండూ కలిపి తెలియలేదు."

"ఊరినిండా తలుపులూ కిటికీలూ చేసి పంపే షెడ్డులో ఒక్క మేకు కొట్టే నాథుడు లేక నా మనిషి మూట కట్టుకున్నాడు. వెళ్ళి పిలువు."

"నేనా?"

"లేకపోతే సంచి ఎగరేసి సైగ చెయ్యమంటావా?"

నగిషీ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. ఉలుల మూట చంకలోనే ఉంది.

"పిలిచారట మేస్త్రీ."

"లోపలికి రావయ్యా."

"పర్లేదు. ఇక్కడ బాగానే ఉంది."

"ఆ సంచిని చూసి ఆగిపోయావు కదూ?"

"ఏమోయ్, చెప్పేశావా?"

"చెప్పించాడు. నువ్వయితే ఈపాటికి ఏడ్చేసేవాడివి."

"నువ్వు నోరు మూసుకోరా కాసేపు. నగిషీ, ఆ పలక సంగతి అడగాలనుకున్నావట. అడుగు."

"ఇప్పుడెందుకు లెండి. అవతలివాళ్ళకి మాటిచ్చేశాను."

"అయినా అడుగు."

"మీరు ఆ కొస ఆకు దగ్గర ఆగారు. ఆగి వెళ్ళిపోయారు. అందులో తప్పుందనుకున్నాను. అప్పట్నుంచి ఆ ఆకునే చూసుకుంటున్నాను. ఉప్పుకాగితం పెట్టి రుద్దుతాను, ఉలితో సరిచేస్తాను, మళ్ళీ రుద్దుతాను. ఇప్పుడది మిగతా ఆకుల్లో సగమైంది."

"పోనీ, చిగురాకనుకుంటారు."

"మూసుకోమన్నానా లేదా? చూడు నగిషీ. ఆ ఆకులో తప్పు లేదు. పలక మొత్తం చెయ్యి పోనిచ్చాను, ఎక్కడా గరుకు తగల్లేదు. ఆ ఆకు దగ్గరకొచ్చేసరికి... ఇదుగో, ఈ బొటనవేలు చూడు. వంచమంటే వంగదు. కొన్నాళ్ళుగా ఉలి పట్టుకుంటే జారిపోతోంది. అలాంటి ఆకు ఇక నేను చెక్కలేను గదా అనిపించింది. అటు తిరిగి వచ్చేశాను."

"వేలికేమైంది మేస్త్రీ?"

"ఏమో. డాక్టరుకి చూపించలేదు."

"అక్కకి తెలుసా బావా?"

"ఎవరికీ చెప్పలేదు. ఉలి పట్టలేనివాణ్ణి మేస్త్రీ అని ఎవరంటారు?"

"మేమంటాం. అదేం మాట మేస్త్రీ, నాకు ఉలి పట్టడం నేర్పింది ఆ వేలే కదా. నా ముందు చాపి 'ఇక నువ్వే చెక్కు' అంటే నేనేం కాదనేవాణ్ణా?"

"నువ్వు ఒక్క దమ్మున ఇన్ని మాటలు మాట్లాడతావని నాకు తెలియదయ్యా."

"నాకూ తెలియదు."

"బావా, రేపు ఆ డాక్టరు దగ్గరకి నేను తీసుకెళ్తాను. ముందు ఆ మేకు కొట్టేస్తాను, నాకు ప్రాణం లాగేస్తోంది."

"కొట్టు."

"ఇక్కడా?"

"కొంచెం పైకి."

"చూడు, ఈ మెరుపు ఆఖరిసారిగా చూడు. నగిషీ, నువ్వు కొట్టవయ్యా. నేను అటు తిరుగుతాను."

"నీ పాలిష్, నీ మేకు. నువ్వే కొట్టు."

"కొట్టాను. ఐపోయింది. పాలిష్ పెచ్చు లేచింది, నా గుండెలోనూ ఓ పెచ్చు లేచింది. బావా, ఇలా తే ఆ సంచి. తలుపు మేకు పీడ వదిలింది. ఇవాళ్టి నుంచి అన్నీ మంచి రోజులే."

"క్యారియరు తీసి పెట్టు ముందు. తింటూ మాట్లాడుకుందాం. నువ్వు కూర్చో నగిషీ, ఆ మూట కింద పెట్టు."

"నేను ఇంటికెళ్ళి..."

"కూర్చో అన్నాను."

"ఇదుగో తగిలించాను. భలే ఉంది. మిల్లు నుంచి వాళ్ళు రాగానే ఈ సంచి చూసి వరసగా లోపలికొచ్చేస్తారు, చూస్తూ ఉండు. పంటి నొప్పివాడు ముందు."

"రానీ. గానీ ఒకటి చెప్పాలి మీకు."

"చెప్పు బావా."

"నీ లెక్క తలకిందులురా."

"ఏ లెక్క?"

"మేకుల లెక్క. మనసు బాగున్న రోజు నేను ఇంటి దగ్గర్నుంచే పని మీద ధ్యాసతో వస్తాను. గదిలో అడుగు పెట్టగానే పక్కనే ఉన్న తలుపు మేకుకి సంచి పడేసి చిత్రిక అందుకుంటాను. మధ్యలో ఎవడైనా పలకరిస్తే విసుక్కుంటాను, అది నిజమే. మనసు బాగోని రోజు ఎవరికీ మొహం చూపించబుద్ధి కాదు. అప్పుడే ఆ కిటికీ దాకా వెళ్ళేది. సంచి అక్కడ తగిలించి, మీకు వీపు పెట్టి, బయటికి చూస్తూ నిలబడేది."

"అంటే... బీరువా రోజు?"

"మా అమ్మ కాలు విరిగిందని తెలిసిన రోజది."

"కుర్చీ కాలు విరగ్గొట్టానన్న రోజు?"

"అంతకుముందు రోజు పెద్ద పని ఒకటి చేజారిపోయింది. రాత్రంతా నిద్ర లేదు."

"మరి ఈ నెలంతా?"

"ఈ వేలు పట్టు తప్పిన దగ్గర్నుంచీ రోజూ కిటికీ దగ్గరకే వెళ్తున్నాను. మేకు లేక వెనక్కొచ్చి తలుపుకి తగిలిస్తున్నాను. ఒక్కడూ గుమ్మం తొక్కలేదు. నా వేలి సంగతి మీకు తెలిసిపోయింది, ఇక మేస్త్రితో పనేముందని మానేశారనుకున్నాను."

"మేస్త్రీ, నాకొకటి అర్థం కాలేదు. అవి మనసు బాగోని రోజులైతే, మేం ఏం చెప్పినా నవ్వుతూ ఊఁ అనేవారు. ఏమడిగినా ఇచ్చేవారు. అదెలా?"

"మీరు వచ్చేవాళ్ళు కదయ్యా."

నగిషీ లేచి, ఉలుల మూట విప్పి గోడ గూట్లో ఎప్పటి చోట పేర్చి వచ్చి కూర్చున్నాడు. బావమరిది క్యారియరు గిన్నెలు విడదీసి ముగ్గురికీ వడ్డించాడు. నోరు మూసుకుని అన్నం తినడం అతనికి పుట్టాక అదే మొదలు.