కుర్చీ ఎక్కిన కోడలు

కళ్ళెర్ర చెయ్యకత్తా, నేను ఈ కుర్చీ దిగను. మేనత్తవి, పెంచినదానివి, మసాకా నుంచి కిక్కిరిసిన టాక్సీ వ్యానులో నలిగి నలిగి వచ్చావు. పెద్దవాళ్ళనీ మగాళ్ళనీ నేలమీద మోకాళ్ళేసి పలకరించడం మన ఆడవాళ్ళ ఆచారం, తెలుసు. అయినా దిగను. నడుం!

మా అత్తగారే కదా కబురు పెట్టింది? "నీ మేనకోడలు నెలన్నరగా మగాళ్ళని నిలబడి పలకరిస్తోంది, వచ్చి మోకాళ్ళేయిస్తావా, ఇంటికి తీసుకుపోతావా" అనేగా? నాకెలా తెలుసా? ఆవిడ ఫోన్లో మాట్లాడితే అరటితోట అవతలివాళ్ళకీ వినిపిస్తుంది తల్లీ!

మరి ఈ నడుం ఎలా పట్టిందో చెప్పిందా? చెప్పదు. ఎందుకు చెప్తుంది?

ఆరోజు తోటలోంచి వండుకునే మటోకే అరటిగెల నెత్తిన పెట్టుకుని వస్తున్నా. మామూలు గెల కాదు, ఇంటిల్లిపాదికీ మూడు రోజులొస్తుంది. దారిలో ఎదురుగా చిన్నమామగారు, మా మామగారి తమ్ముడు. గెల దించితే మళ్ళీ ఎత్తేవాళ్ళు లేరు. నిలబడితే మర్యాద పోతుంది. ఏం చేశాననుకున్నావ్? గెలతోనే మోకాళ్ళేశాను. నువ్వు నేర్పిన పెంపకం కదా మరి!

బాగున్నావా అన్నాడు. బాగున్నానన్నాను. పిల్లలన్నాడు. మేకలన్నాడు. కాఫీ గింజలు ఎండాయా అన్నాడు. మీవైపు వాన పడిందా అన్నాడు. మీవైపేంటి, ఆ వానలో ఆయనా తడిశాడు! నేను ఊఁ, ఊఁ అంటూనే ఉన్నా. గెల మెడలోకి దిగబడిపోతోంది. ఆఖరికి సరే వెళ్ళమ్మా అన్నాడు.

లేవబోయాను. నడుం కింద పాత గుడ్డ చిరిగినట్టయింది. గెల ఒకవైపు, నేనొకవైపు.

ఆయన వెనక్కి తిరిగి చూసి ఏమన్నాడో చెప్పనా? "అయ్యయ్యో, కాయలు నలిగిపోయాయే" అన్నాడు.

నవ్వకు. ఆరోగ్యకేంద్రంలో నర్సమ్మ చూసింది. ఎముకకేం కాలేదు, కండరం లాగేసిందంది. మంచానికి అతుక్కుపోకు, మెల్లిగా నడువు, బరువెత్తకు, వంగకు, మూడు వారాలు నేలమీద కూర్చోనేకూర్చోకు, మోకాళ్ళు అసలే వెయ్యకు అంది. మా అత్తగారి ఎదురుగానే అంది, అదే ఆవిడకి మంట!

మొదటి వారం ఎలా గడిచిందో నాకే తెలుసు. తుమ్మొస్తే ఏడుపొచ్చేది. పడక మీంచి లేవాలంటే పక్కకి దొర్లి, మోచేయి ఊని, ఊపిరి బిగబట్టి... పోనీలే. మా ఆయన కసిర్యే ఉన్నాడే, అరిటాకులు వెచ్చచేసి నడుంకి పెట్టాడు. నీళ్ళు తనే మోశాడు. బావి దగ్గర అందరూ నవ్వితే, నవ్వుకోండి అన్నాడట. తన కుర్చీ తెచ్చి నాకు వేశాడు. ఇదే, ఈ కుర్చీ.

అత్తా, ఒకటి చెప్పనా? ఆయన ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, నాకు తెలీదు! రోజూ కిందనుంచి పళ్ళెం అందించి తలొంచుకునేదాన్ని. కాఫీ గింజలు మట్టిలో కాదు, టార్పాలిన్ మీద ఆరబోద్దామని మూడేళ్ళు నేలమీంచి చెప్పాను. వినిపించలేదు మనిషికి. ఈ కుర్చీలోంచి ఒక్కసారి చెప్పాను. మర్నాడే తెచ్చాడు.

ఇంకాస్త దగ్గరికి రా. గట్టిగా చెప్పే మాట కాదు.

తగ్గిపోయింది.

అవును, నడుమే. తగ్గి పదిహేను రోజులైంది. ఓ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. వంటిల్లు వెనకాలకెళ్ళి మోకాళ్ళేశాను. లేచాను. మళ్ళీ వేశాను, మళ్ళీ లేచాను. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. సంతోషించాలా వద్దా? నాకు ఏడుపొచ్చిందత్తా. ఇంక కిందకి దిగాలి కదా అని.

దిగనంతే. వెళ్ళి చెప్తావా? చెప్పు. పిల్లల్ని ఇక్కడుంచి నన్ను తీసుకుపోతావా? నా ప్రాణం పోయినట్టే, అయినా పద. ఈ కుర్చీ మాత్రం టాక్సీ పైన కట్టిస్తా.

మరి నీ సంగతేంటి? ఇందాక వాకిట్లో మా మామగారికి మోకాళ్ళేసి, లేవడానికి గడప పట్టుకున్నావు. చెయ్యి జారితే మళ్ళీ పట్టుకున్నావు. నీ మోకాలు కటుక్కుమనడం ఇక్కడికి వినిపించింది. అరవై దాటాయి నీకు! ఎవరైనా చెయ్యందించారా?

ఆ చాప వదిలెయ్. ఆ మూల కుర్చీ లాక్కో. ఎవరూ చూడట్లేదులే. ఒక్క నిమిషం కూర్చో... ఎలా ఉంది? ఆఁ, ముందు వీపు ఆనించు. అలా.

ష్! ఆ దగ్గు చిన్నమామగారిది. ఏం తేల్చావో అడగడానికే వస్తున్నాడు. దిగు అత్తా, త్వరగా దిగు, నా మూలంగా నీకెందుకు మాట? చెప్పులు విప్పుతున్నాడు, దిగూ!

అదేంటి... దిగవేం?

అత్తా?

రండి చిన్నమామగారూ, బాగున్నారా? పిల్లలు బాగున్నారా? మేకలు? మీవైపు వాన పడిందా?

ఎవరు, మా మేనత్తా? ఏం చెప్పమంటారు మామగారూ. పాపం, ఆవిడకీ నడుం పట్టేసింది.